నాలుగో సిలిండర్ చివరి ఆయకట్టు

(విజయవాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, ఆటోనగర్‌లో షెడ్డు నడిపే ఒక మెకానిక్ మెకానికల్ విద్యార్థులతో మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. మైకు వద్దులెండి, ఇంజిన్ల మధ్య అరిచి అరిచి తయారైన గొంతు నాది. వెనక బెంచీ దాకా వినపడుతోందా? సరే.

మీ సారు ఫోన్ చేసి, "పిల్లలు ఫ్యూయల్ రైల్ అప్‌గ్రేడ్ గురించి అడుగుతున్నారు, వచ్చి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. స్పీకర్ ఆన్‌లో ఉంది. మా ఇంటావిడ విని, "రైలు గురించి మీకేం తెలుసండీ, మమ్మల్ని ఎప్పుడూ బస్సులోనే తిప్పారు కదా" అంది. (నవ్వులు) విజయవాడలో రైలంటే జంక్షనే గుర్తొస్తుంది మరి.

ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి, ఫ్యూయల్ రైల్ అంటే ఇదే. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్ మీంచి తీసింది. జానెడున్నర పొడుగు గొట్టం, కింద నాలుగు కప్పులు. ఒక్కో కప్పులోకి ఒక్కో ఇంజెక్టర్ తల దూరుతుంది. ట్యాంకులో మునిగి ఉన్న పంపు పెట్రోలును తోస్తుంది, అది ఫిల్టర్ దాటి ఈ గొట్టంలోకి వచ్చి సుమారు 3 బార్ ఒత్తిడితో నిలబడుతుంది. కొన్ని బళ్ళలో 4 బార్. కంప్యూటర్ ఏ ఇంజెక్టర్‌కి కరెంటు ఇస్తే అది నోరు తెరుస్తుంది, ఇస్తున్నంతసేపూ చిమ్ముతుంది. గొట్టం తనంతట తాను చేసే పనేమీ లేదు. అందరికీ ఒకే ఒత్తిడి అందేలా చూడటం, అంతే.

ఇంకోటి ఇది. ఎర్రగా, పెళ్ళికూతురిలా ఉంది కదా. అల్యూమినియం దిమ్మెని కోసి చేశారు, పైన ఎర్ర యానోడైజింగ్ పూత. ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని షెడ్డుకి తెచ్చాడు. "అన్నా, ఇది బిగిస్తే 15 హార్స్‌పవర్ పెరుగుతుందంట" అన్నాడు. ఎవరన్నారు బాబూ అంటే, అమ్మినవాడే అన్నాడంట. ఇది మీరు ఒక్కొక్కళ్ళూ చేత్తో పట్టుకుని చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. కింద పడెయ్యకండి, ఆ కుర్రాడికి మళ్ళీ ఇచ్చెయ్యాలి.

ఇప్పుడు ఈ రెండింటికీ తేడా ఎంతో బోర్డు మీద లెక్క కడదాం. నేను ఐటీఐ చదివినవాణ్ణి, తప్పుంటే మీరే దిద్దండి.

మామూలు హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్లు, 83 హార్స్‌పవర్ అనుకుందాం. అంటే 61 కిలోవాట్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గాలిని ఒత్తి నింపే టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ఒక కిలోవాట్‌ని గంటసేపు ఇవ్వడానికి సుమారు 300 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 61 ఇంటూ 300, గంటకి 18 కిలోల చిల్లర. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి గంటకి సుమారు 25 లీటర్లు. నిమిషానికి ఎంత? అమ్మా, నువ్వు చెప్పు. ఆ, 410 సీసీ. రెండు స్టీలు గ్లాసుల మంచినీళ్ళంత. బండి ప్రాణం పెట్టి పరిగెడుతున్నప్పుడు ఈ గొట్టంలో నడిచేది నిమిషానికి రెండు గ్లాసులు.

దీని లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు. అడ్డకోత వైశాల్యం 0.785 చదరపు సెంటీమీటర్లు. 410ని దాంతో భాగించి, మళ్ళీ 60తో భాగించండి. సెకనుకి 8.7 సెంటీమీటర్లు వస్తుంది. చీమ కంటే కాస్త జోరు, తొండ కంటే చాలా నెమ్మది. ఈ వేగానికి గొట్టం గోడలు ఏం అడ్డుపడతాయి చెప్పండి? ఎర్రదాని బోరు, అంటే లోపలి వ్యాసం, 16 మిల్లీమీటర్లు, వైశాల్యం రెండున్నర రెట్లు. అది బిగిస్తే 8.7 కాస్తా మూడున్నర అవుతుంది. చీమని ఇంకా నెమ్మదిగా నడిపిస్తున్నాం. 15 హార్స్‌పవర్ ఎక్కణ్ణుంచి రావాలి?

అదే మాట ఆ కుర్రాడితో అన్నాను. మొహం చిన్నబోయింది. మరి రైలు అప్‌గ్రేడ్ అంతా బూటకమా అంటే, కాదు. అది పనికొచ్చే చోటు వేరే ఉంది. అది తెలియాలంటే ముందు మన కాలవల సంగతి చెప్పుకోవాలి.

మీలో డెల్టా వాళ్ళెంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలితే కాలవ తలలో ఉన్న ఊళ్ళకి మడి నిండిపోతుంది. చివర కైకలూరు, నాగాయలంక వైపు వెళ్ళండి, జులైలో రైతు గట్టు మీద నిలబడి కాలవ వంక చూస్తుంటాడు. కాలవలో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు చివరి వాడికీ ఇబ్బంది లేదు. నీళ్ళు తగ్గి, పైవాళ్ళందరూ ఒకేసారి తూములెత్తారనుకోండి, దెబ్బ తగిలేది చివరి ఆయకట్టుకే. రైలులో పెట్రోలు ఈ చివర దూరుతుంది, నాలుగో ఇంజెక్టర్ ఆ చివర ఉంది. నాలుగో సిలిండర్ చివరి ఆయకట్టు రైతన్నమాట.

కాలవకీ దీనికీ ఒక తేడా ఉంది. కాలవలో నీళ్ళు పారతాయి. రైలులో పెట్రోలు కుదుపులు కుదుపులుగా కదులుతుంది. 6000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో ఇంజెక్టర్ సెకనుకి 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. నాలుగూ కలిపి 200 సార్లు. ఒక్కసారి చిమ్మేది 0.034 సీసీ, అంటే చుక్కలో ముప్పాతిక కూడా కాదు. అపార్ట్‌మెంట్‌లో పైన మోటారు ఆపగానే పైపు ధన్‌మని తన్నడం వినలా? పరిగెడుతున్న ద్రవాన్ని టక్కున ఆపితే ఒత్తిడి అలై వెనక్కి తిరుగుతుంది. ఇంజెక్టర్ మూసుకున్న ప్రతిసారీ ఈ గొట్టంలో జరిగేది అదే, చిన్న సైజులో. ఒక ఇంజెక్టర్ మూసుకున్నప్పుడు లేచిన అల సరిగ్గా పక్క ఇంజెక్టర్ తెరుచుకునే సమయానికి అక్కడికి చేరిందనుకోండి, దానికి 3 బార్‌కి బదులు 3.3 అందుతుంది. అల గుంట చేరితే 2.7. కంప్యూటర్ మాత్రం అందరికీ 3 అనుకునే లెక్క కడుతుంది. కంపెనీ వాళ్ళు అందుకే చాలా రైళ్ళకి డ్యాంపర్ అని ఒక చిన్న డబ్బా బిగిస్తారు, లోపల పల్చటి రేకు, స్ప్రింగు. కొన్ని బళ్ళలో గొట్టం గోడనే పల్చగా చేసి అది కొంచెం ఊగేలా చేస్తారు.

83 హార్స్‌పవర్ బండిలో ఈ అలలు చిన్నవి, డ్యాంపర్ మింగేస్తుంది. ఇంజెక్టర్ సైజు మూడింతలు చేసి, టర్బో పెట్టి, ఒక్కో దెబ్బకి మూడు నాలుగు రెట్ల పెట్రోలు చిమ్మిస్తే కథ మారుతుంది. అప్పుడు రైలులో సరుకు ఎక్కువ నిలవ ఉండాలి. మనది 10 మిల్లీమీటర్ల బోరు, 30 సెంటీమీటర్ల పొడుగు, పట్టేది 24 సీసీ. ఎర్రది 60 సీసీ పడుతుంది. పెద్ద చెరువులోంచి చెంబుడు ముంచితే మట్టం కదలదు, బకెట్‌లోంచి ముంచితే తెలుస్తుంది. లావు రైలు అసలు ప్రయోజనం ఇదీ. ప్రవాహం కోసం కాదు, నిలవ కోసం.

నిజంగా దీని అవసరం పడ్డ బండి ఏదంటే, మీ అందరికీ తెలిసిన పేరే చెప్తాను. టయోటా సుప్రా, 1993లో వచ్చిన మోడల్. (ఈలలు) తెలుసులే. అందులో 2జేజెడ్-జీటీఈ ఇంజిన్, ఆరు సిలిండర్లు, 2997 సీసీ, రెండు టర్బోలు. జపాన్‌లో కంపెనీ ఇచ్చింది 280 హార్స్‌పవర్. దాన్ని ఒక్క పెద్ద టర్బోతో 700కి లాగేవాళ్ళున్నారు. లెక్క మళ్ళీ కట్టండి. టర్బో బండి కాబట్టి కిలోవాట్‌కి 340 గ్రాములు వేసుకుందాం. నిమిషానికి దాదాపు 4 లీటర్లు. మన హ్యాచ్‌బ్యాక్ తాగేదానికి పదింతలు. అక్కడ పంపు మారుతుంది, ట్యాంకు నుంచి వచ్చే లైన్లు మారతాయి, ఇంజెక్టర్లు మారతాయి, ఒత్తిడిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ మారుతుంది, వాటితోపాటు రైలూ మారుతుంది. పెళ్ళికి బంధువులందరూ వచ్చినట్టు. రైలు ఒక్కటే వస్తే అది పెళ్ళి కాదు.

ఇంకో కారణమూ ఉంది. నిస్సాన్ ఎస్ఆర్20డీఈటీ అని 2 లీటర్ల టర్బో ఇంజిన్. అందులో ఇంజెక్టర్‌కి పెట్రోలు తలలోంచి పోదు, పక్కటెముకలోంచి పోతుంది. సైడ్ ఫీడ్ అంటారు. ఇప్పుడు దొరికే పెద్ద ఇంజెక్టర్లన్నీ దాదాపుగా తల మీంచి తాగేవే. కాబట్టి ఇంజెక్టర్ మార్చాలంటే రైలు మార్చక తప్పదు. అక్కడ రైలు మార్పు పవర్ కోసం కాదు, సరుకు దొరక్క. ఇలాంటి నిజాయితీ కారణాలంటే నాకు గౌరవం.

సరే, మన షెడ్డుకి వద్దాం. ఆ కుర్రాడు నిజానికి రైలు ఎందుకు కొన్నాడో తెలుసా? బండి లాగటం లేదు. మూడో గేరులో 4500 దాటితే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు ఉంది. ఫ్రెండు చెప్పాడు, పెట్రోలు సరిపోవడం లేదు, రైలు మార్చు అని. రోగం సగం కరెక్టే, మందే తప్పు.

నేను ముందు ఒత్తిడి కొలిచే గేజు పెట్టాను. ఇదీ ఆ గేజు. లోపలికి వచ్చే లైనులో టీ కీలు పెట్టి, పొడుగాటి హోస్ వేసి, బోనెట్ సందులోంచి బయటికి తీసి గేజుని అద్దం మీద టేపుతో అంటించాను. బోనెట్ తెరిచి షెడ్డులో రేసు చేస్తే ఏమీ తెలియదు, ఇంజిన్ మీద లోడ్ ఉండదు కాబట్టి. రోడ్డెక్కాలి. పొద్దున్నే బైపాస్ మీదికి పోయాం, అతను నడిపాడు, నేను ముల్లు చూస్తూ కూర్చున్నా. ఐడ్లింగ్‌లో 3 బార్. 3000 దగ్గర 3. 4000 దగ్గర 2.8. 5000 దగ్గర ముల్లు దిగిపోయి 2.1.

దీని అర్థం చెప్తాను, ఇది పరీక్షకి కూడా వస్తుంది. ఇంజెక్టర్‌లోంచి వెళ్ళే పరిమాణం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 2.1ని 3తో భాగిస్తే 0.7, దాని వర్గమూలం 0.84. అంటే 16 శాతం పెట్రోలు తక్కువ పడుతోంది. పూర్తిగా తొక్కినప్పుడు ఒక పాలు పెట్రోలుకి 12.8 పాళ్ళ గాలి ఉండాల్సింది 15.3 అయిపోయింది. బండి లాగకపోవడం తర్వాత సంగతి, అలాగే నెల తిప్పితే వేడికి వాల్వులో పిస్టనో పోయేది.

మరి ఒత్తిడి ఎందుకు పడిపోయింది? రైలు సన్నగా ఉండా? గేజు ఉన్నది రైలుకి ముందు! రైలులోకి వచ్చేసరికే ఒత్తిడి లేదు. అంటే దొంగ వెనకెక్కడో ఉన్నాడు. పంపు దగ్గర మీటరు పెట్టి చూశాం. బ్యాటరీ దగ్గర 14 ఓల్టులుంటే పంపు దగ్గర 10.8. వెనక సీటు కింద కనెక్టర్ పట్టుకుంటే చెయ్యి కాలింది. తీసి చూస్తే పిన్ను నల్లగా మాడి ఉంది. ఎప్పుడో కొత్త హారను, లైట్లు బిగించినవాడు ఆ వైరునే కోసి అతికాడు. దానితో పాటు ట్యాంకులో జల్లెడ తీస్తే పచ్చి బురద. రెండూ బాగుచేసి మళ్ళీ అదే రోడ్డు మీద చూశాం. 6000 దాకా ముల్లు 3 మీంచి కదల్లేదు. ఖర్చు ఆ ఎర్ర రైలు ధరలో పదో వంతు. ఆ రైలు ఇంకా ఆ కుర్రాడిదే, ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతోంది. ఎక్కడిదాకా వచ్చింది? ఆ, సరే.

టర్బో బళ్ళ గురించి ఒక్క మాట. ఇంజెక్టర్ చిమ్మేది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి, అంటే సిలిండర్లకి గాలి తెచ్చే గొట్టంలోకి. అక్కడ టర్బో 1 బార్ అదనపు ఒత్తిడి, అంటే బూస్ట్, నింపిందంటే ఎదురుగా ఒకడు ఊదుతున్నట్టు. రైలులో 3, ఎదురు 1, మిగిలేది 2. అందుకే రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ నుంచి ఒక సన్న రబ్బరు పైపు పెడతారు. బూస్ట్ ఒకటి పెరిగితే రైలు ఒత్తిడీ ఒకటి పెరుగుతుంది, తేడా ఎప్పుడూ 3 ఉంటుంది. ఈ పైపు వేలెడంత లావు కూడా ఉండదు. ఊడిపోతే, చీలితే పెద్ద రైలు పెట్టినా ఇంజిన్ పోతుంది. వేల రూపాయల రైలు బిగించి పది రూపాయల పైపుకి క్లిప్పు పెట్టనివాళ్ళని చూశాను.

ఇప్పటి కొత్త బళ్ళలో చాలావాటికి రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది. రైలు నుంచి తిరుగు లైను ఉండదు. బయట కొనే ఆఫ్టర్‌మార్కెట్ రైలు రెండు చివర్లా కన్నాలతో వస్తుంది. ఒక చివర మూసేసి బిగిస్తే నడుస్తుంది, కానీ గాలి బుడగ అక్కడ ఇరుక్కుంటే వేడి ఇంజిన్ స్టార్టింగ్ ట్రబుల్ ఇస్తుంది. మే నెలలో బందరు రోడ్డు ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కుని, ఆపి, పది నిమిషాల తర్వాత తియ్యండి, తెలుస్తుంది. అల్యూమినియం వేడిని చప్పున పీల్చుకుంటుంది. కంపెనీ చాలా బళ్ళకి ప్లాస్టిక్ రైలు ఇచ్చేది ఖర్చు తగ్గడానికే అనుకుంటాం. ఖర్చూ ఉంది, కానీ ప్లాస్టిక్ అంత తొందరగా వేడెక్కదు కూడా. చవకదని దాన్ని తీసిపారెయ్యకండి.

బిగించడం గురించి చెప్పమన్నారు కదా. ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి.

2000 ప్రాంతంలో వెనక డిక్కీ మీద ఎంపీఎఫ్ఐ అని అక్షరాలున్న బళ్ళు, అంటే కార్బురేటర్ బదులు సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉన్నవి, షెడ్డుకి రావడం మొదలైంది. కార్బురేటర్ విప్పడంలో నేను మొనగాణ్ణి, ఇదెంతలే అనుకున్నా. ఒక బండికి ఇంజెక్టర్లు తీసి కడిగి, లీకు ఆపే రబ్బరు ఉంగరాలు, ఓ-రింగులు, పాతవే మళ్ళీ వేసి, పొడిగా, బలంగా నొక్కాను. నాలుగోది కొంచెం మొండికేసింది. ఇంకాస్త నొక్కా. టక్‌మంది. కూర్చుందనుకున్నా. స్టార్ట్ చేశాం, బానే ఉంది. బోనెట్ వేసి, చేతులు కడుక్కుంటుంటే మా కుర్రాడు "మామా, వాసన" అన్నాడు. బోనెట్ ఎత్తితే నాలుగో ఇంజెక్టర్ పక్కన పొగమంచులాగా పెట్రోలు, కింద కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మీద పడుతోంది. ఆ రోజు నిప్పు అంటుకోలేదు, అంతే. దాని లెక్క ఇప్పటికీ నాకు అర్థం కాదు. బ్యాటరీ తీగ పీకేసి, తర్వాత విప్పితే ఓ-రింగు చంద్రవంకలా కోసుకుపోయి ఉంది. 3 బార్ అంటే కారు టైరులో గాలి కంటే కొంచెం ఎక్కువ. అంత ఒత్తిడి మీద పెట్రోలు వెంట్రుకంత సందు దొరికితే కారదు, పొగలా లేస్తుంది.

అప్పట్నుంచి నా షెడ్డులో పద్ధతి ఇదీ. ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడిపిస్తాం. రైలులో ఒత్తిడి పోతుంది. బ్యాటరీ నెగటివ్ తీస్తాం. నిప్పునార్పే సిలిండర్ పక్కన, గోడకి కాదు, పక్కన. ఓ-రింగులు ప్రతిసారీ కొత్తవి, ఇథనాల్‌కి తట్టుకునే వైటాన్ రకం, ఇంజిన్ ఆయిల్ చుక్క రాసి. ముందు ఇంజెక్టర్లని రైలుకి ఎక్కించి, ఆ తర్వాత మొత్తాన్నీ ఒక్కసారిగా మానిఫోల్డ్ మీద కూర్చోబెడతాం. రెండు అరచేతులతో, రెండు వైపులా సమానంగా. బోల్టు తిప్పి కిందికి లాగకూడదు, చేత్తో కూర్చున్నాకే బోల్టు. కూర్చున్నాక ప్రతి ఇంజెక్టర్ వేళ్ళతో తిప్పితే కాస్త తిరగాలి. తిరగలేదంటే ఓ-రింగు నలిగిందనో, రైలు ఎత్తు కుదరలేదనో లెక్క. తర్వాత స్టార్ట్ చెయ్యకుండా తాళం నాలుగుసార్లు ఆన్ చేసి ఆపితే పంపు ఒత్తిడి నింపుతుంది. అప్పుడు పొడి టిష్యూ కాగితం చుట్టి ప్రతి కీలూ తడిమి చూడాలి. కంటికి కనపడని తడి కాగితానికి తెలుస్తుంది.

కొత్త రైలైతే ఇంకో పని ఉంది. ఫిల్టర్ రైలుకి ముందు ఉంటుంది, తర్వాత కాదు. రైలు లోపల లేతు రజను ఉంటే అది నేరుగా ఇంజెక్టర్‌లోకే. అక్కడ వేలి గోరంత జల్లెడ ఉంటుంది, అంతే. ఈ ఎర్రదాన్ని ఆ కుర్రాడి ఎదురుగానే పెట్రోలుతో కడిగి తెల్ల బనియన్ గుడ్డలో వడగట్టా. (జేబులోంచి గుడ్డ తీసి చూపిస్తూ) ఇదిగో, దాచి పెట్టా. మెరుస్తున్నాయి చూశారా, జరీ పోగుల్లాగా. కొత్త సరుకు, సీలు తియ్యని డబ్బా.

ఇక ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే బళ్ళు, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు, కామన్ రైల్ డీజిల్. ఇక్కడ నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. చెయ్యి పెట్టకండి.

1997లో ఆల్ఫా రోమియో 156లో కామన్ రైల్ డీజిల్ కార్లలోకి వచ్చింది. మన దగ్గర 2007లో స్విఫ్ట్‌లో వచ్చిన 1248 సీసీ ఫియట్ డీజిల్‌తో అది ఇంటింటికీ తెలిసింది. ఇప్పటి డీజిళ్ళ రైలులో 1600 నుంచి 2000 బార్ దాకా ఉంటుంది. 10 మీటర్ల ఎత్తున నీళ్ళ ట్యాంకు కడితే కింద కుళాయిలో 1 బార్ వస్తుంది. మన పెట్రోలు రైలు 3 బార్, 30 మీటర్ల ట్యాంకు. 1600 బార్ కావాలంటే ట్యాంకు 16 కిలోమీటర్ల ఎత్తున కట్టాలి. ఎవరెస్టు మీద ఇంకో ఎవరెస్టు కొంచెం తక్కువగా పెట్టండి. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు బళ్ళలో 200, కొత్తవాటిలో 350. ఆ ఒత్తిడికి లీకైన ధార చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. సూది గుచ్చినంత గాయం, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల కండ కుళ్ళిపోతుంది. గంటల్లో ఆపరేషన్ చెయ్యకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసెయ్యాల్సి వస్తుంది. డీజిల్ లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూసే అలవాటు పాత మెకానిక్కులకి ఉంది, నాకూ ఉండేది. అట్టముక్క పెట్టి చూడండి.

డీజిల్ బళ్ళకి ట్యూనింగ్ బాక్స్ అని అమ్ముతారు. అది చేసేదేంటంటే, రైలు ప్రెషర్ సెన్సరుకీ కంప్యూటరుకీ మధ్యలో కూర్చుని అబద్ధం చెప్తుంది. రైలులో 1400 ఉంటే 1300 ఉందంటుంది. కంప్యూటర్ పాపం నమ్మి ఇంకా పెంచుతుంది. పికప్ నిజంగానే వస్తుంది, కాదనను. పంపూ, ఇంజెక్టర్లూ ఆ అబద్ధానికి వడ్డీ కడతాయి. పాత డీజిల్ బండికి ఇంజెక్టర్ సెట్టు మార్చిన బిల్లు ఎప్పుడైనా చూశారా? మీ నాన్నగార్ని అడగండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర బాబు.

(విద్యార్థి: ఈ20 పెట్రోలు వచ్చాక పాత బళ్ళకి రైలు మార్చాలా సార్?)

మంచి ప్రశ్న. 2023 నుంచి బంకుల్లో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, రావడం మొదలైంది. మామూలు పెట్రోలుకి ఒక పాలుకి 14.7 పాళ్ళ గాలి, ఇథనాల్‌కి 9. కలిపిన దానికి సుమారు 13.5. అంటే అదే గాలికి 8, 9 శాతం ఎక్కువ ఇంధనం పడాలి. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సరు చూసి కంప్యూటర్ ఆ మేరకు ఇంజెక్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. మన 410 సీసీ 445 అవుతుంది. రైలుకి అదొక లెక్కా? రైలు మార్చక్కర్లేదు. పాత బండిలో పాత రబ్బరు హోసులు, ఓ-రింగులు మాత్రం చూసుకోండి. వేలితో వంచితే పగుళ్ళు కనపడితే మార్చెయ్యండి. అసలు లీకులన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

(విద్యార్థిని: రోడ్డు మీద తిరిగే కారుకి ఇలాంటి మార్పులు చేస్తే చట్టం ఒప్పుకుంటుందా?)

మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉందమ్మా. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా పడేలా బండిని మార్చొద్దంటుంది. 2019లో 182ఏ సెక్షన్‌ని సవరించారు. ఒప్పుకోని మార్పుకి ఒక్కోదానికి 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాశారు. ఒక్క రైలు గొట్టం చూసి ఎవరూ పట్టుకోరు, నిజమే. కానీ బండి కాలిపోయిన రోజున ఇన్సూరెన్సు సర్వేయరు వస్తాడు, ఎర్రగా మెరిసేదాన్ని మొదట చూసేది అతనే. రేసు ట్రాక్‌కి మాత్రమే పోయే బండైతే మీ ఇష్టం. శ్రీపెరంబుదూర్ దగ్గర ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో ఉంది. మన హైదరాబాదులోనూ 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున రేసు పెట్టారు, నేనూ పోయా. ఫార్ములా ఈ. అన్నీ కరెంటు బళ్ళు. ఒక్క చుక్క పెట్రోలు లేదు, ఒక్క రైలు లేదు. మా వృత్తి వాళ్ళం నలుగురం గ్యాలరీలో దిక్కులు చూస్తూ కూర్చున్నాం. (నవ్వులు)

ఇంకెవరు? ఆ టీషర్టు బాబు. మీరు స్టూడెంట్ ఫార్ములా, ఆ రేసు కారు తయారీ పోటీ టీమా?

(విద్యార్థి: అవును సార్. కేటీఎమ్ 390 బైకు ఇంజిన్ వాడుతున్నాం. ఇన్‌టేక్ మొత్తం కొత్తగా డిజైన్ చేశాం కాబట్టి పాత రైలు కుదరడం లేదు. త్రీడీ ప్రింట్ చేసి పెడదామనుకుంటున్నాం.)

వద్దు. ముందు రూల్ బుక్ తియ్యండి. ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్, ప్రింట్ చేసిన మండే సరుకుతో రైలు చెయ్యకూడదని రాసి ఉంటుంది. రైలుని హెడ్‌కో, బ్లాకుకో, మానిఫోల్డ్‌కో బోల్టులతోనే బిగించాలి, హోస్ క్లిప్పులు, జిప్ టైలు కుదరవు. ఇన్‌స్పెక్షన్‌లో మొదట పట్టుకునేది అదే. ఇంకో సంగతి, మీది 373 సీసీ, ఒక్క సిలిండర్. గాలి పోయేది 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్‌లోంచి, అంటే గాలిని కుదించే సన్న కన్నంలోంచి. మీ ఇంజిన్‌కి కొరత గాలి, పెట్రోలు కాదు. కాబట్టి లావు రైలు జోలికి పోకండి, బరువు దండగ. అల్యూమినియం కడ్డీ తెచ్చుకోండి, ఆటోనగర్‌లో మా వీధిలోనే లేతు ఉంది. ఒక కప్పు, ఒక ఇన్‌లెట్, రెండు చెవులు, అంతే పని. కప్పు లోపలి అంచుకి చిన్న చాంఫర్, అంటే ఏటవాలు చెక్కు, మర్చిపోకండి. అది లేకే కదా ఆనాడు నా ఓ-రింగు కోసుకుపోయింది అనుకుని చాలా ఏళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నా. నిజానికి చాంఫర్ ఉంది, ఆయిల్ రాయలేదు నేను.

చేయించాక బిగించకుండా నా దగ్గరికి పట్టుకురండి. తెల్ల గుడ్డ మీరే తెచ్చుకోండి, ఇది మాత్రం నేనివ్వను.